తెల్లగోడ మీద అక్షరాలు

అప్పలనర్సమ్మ కోలాటం కర్ర ఎర్రయ్యమ్మ నుదుటికి తగిలింది.

టప్‌మని చప్పుడైంది. పాట ఆగిపోయింది. భీమిలి బీచ్ పక్కన స్కూలు మైదానంలో గుండ్రంగా తిరుగుతున్న ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడబోయి తమాయించుకున్నారు.

"ఓలమ్మ, నా బుర్ర! అది కర్ర కాదే నర్సమ్మా, నా తలకాయ!" ఎర్రయ్యమ్మ నుదురు పట్టుకుని అరిచింది.

"కర్రుండాల్సిన కాడ తలకాయెందుకు పెట్టినావే? తగల్దేటి మరి?"

అందరూ పగలబడి నవ్వారు. వీడియో తీస్తున్న ఇందుమతి కూడా నవ్వింది. ఫోన్ దించేసరికి ఆ నవ్వు మొహం మీద లేదు.

అప్పలనర్సమ్మ ఆమె అత్తగారు. డెబ్భై దాటిన మనిషి. ఈ బృందానికి పెద్ద. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఇందుమతి ఆవిడ కోలాటం చూస్తోంది. పక్కవాళ్ళు తడబడినా ఆవిడ కర్ర మాత్రం గాలిలో వెతుక్కోకుండా వెళ్ళి ఎదుటి కర్రకి తగిలేది. ఇవాళ జానెడు పక్కకి పోయింది.

కిందటి ఏడాది ఇదే సమయానికి వీళ్ళలో ఒక్కరు కూడా సాయం లేకుండా కుర్చీలోంచి లేవలేని పరిస్థితి. అందరిదీ ఒకటే జబ్బు. మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయి ఎముకకి ఎముక రాసుకోవడం. అప్పలనర్సమ్మ అయితే బాత్రూముకి నేల మీద దేక్కుంటూ వెళ్ళేది. ఎత్తుకుని తీసుకెళ్తానంటే కోడలి చెయ్యి విదిలించి కొట్టేది.

ఇందుమతి డాక్టరు. విశాఖలో ఓ ప్రైవేటు పరిశోధనశాలలో పనిచేస్తోంది. అక్కడ తయారైన 'మృదుల' అనే ఇంజెక్షన్ ఒక్క డోసుతో వీళ్ళందర్నీ లేపి నిలబెట్టింది. మోకాలి లోపల పనిమానేసి పడుకున్న కణాల్ని తట్టి లేపి, అరిగిన గుజ్జుని మళ్ళీ నేయిస్తుందది. ప్రయోగానికి పెద్దవయసు మనుషులు కావాలన్నప్పుడు అత్తగారి కోలాట బృందాన్ని పట్టుకొచ్చింది ఇందుమతే. రేపు పొద్దున్న రెండో డోసు. అది పడితే ఆ గుజ్జు శాశ్వతంగా నిలబడిపోతుంది.

ఎల్లుండి సింహాచలం గిరి ప్రదక్షిణ. కొండ చుట్టూ కాలినడకన తిరిగి వస్తానని అప్పలనర్సమ్మ వీధివీధంతా చాటింపు వేసేసింది.

"ఆటలో గురి తప్పిందేంటి అత్తయ్యా?" ఇంటికి వస్తూ ఆటోలో అడిగింది ఇందుమతి.

"ఎర్రయ్యమ్మ ఎదవ అడుగేసినాది."

వీడియోలో ఎర్రయ్యమ్మ అడుగు సరిగ్గానే ఉంది. ఇందుమతి ఆ మాట పైకి అనలేదు.

ఇంటికి రాగానే టీ పెడతానని అప్పలనర్సమ్మే వంటింట్లోకి వెళ్ళింది. కాళ్ళు బాగైన దగ్గర్నుంచీ ఆవిడ ఒక్కచోట కూర్చోదు. ఇందుమతి గుమ్మంలో నిలబడి చూసింది. గిన్నెలోంచి టీ వంచుతూ అత్తగారు కప్పు అంచు లోపల వేలు పెట్టింది. టీ వేలికి తగలగానే వంచడం ఆపింది.

"వేలు కాలదా?"

"ఏడి సూత్తన్నాను. నువ్వేటి, పోలీసోడిలాగ గుమ్మంలో నిలబడ్డావు?"

"కళ్ళు బాగానే కనిపిస్తున్నాయా, అత్తయ్యా?"

"నెలనెలా అచ్చరాలు సదివించి బాగున్నాయని మీరే రాసుకున్నారు కదే. మళ్ళీ నన్నడుగుతావేటి?"

నిజమే. కంటి పరీక్ష పెట్టించిందే ఇందుమతి. మోకాలి గుజ్జు, కంటిగుడ్డు నిండా ఉండే జిగురు రెండూ ఒకే రకం పోగులతో తయారవుతాయి. మోకాల్లో గుజ్జు పెంచే మందు కంట్లోనూ పోగులు పెంచితే? ఆ జిగురు గట్టిపడి, కంటి వెనక చూపునిచ్చే పొరని పట్టి లాగితే? మొదటి రోజు నుంచీ ఆమెని తొలిచిన భయం అదే. కంటి లోపలి స్కాన్ ఖరీదని, దాన్ని రెండో డోసు తర్వాతకి పెట్టారు. నెలనెలా అట్ట మీద అక్షరాలు చదివిస్తే చాలనుకున్నారు. అందరూ చదివారు. చివరి వరస దాకా చదివారు.

చివరి వరస దాకా. అందరూ. ఆ వయసులో.

ఆమె టీ కప్పు పక్కన పెట్టేసింది.

*

మర్నాడు ఉదయం లాబ్‌లో ఇందుమతి నేరుగా కంటి పరీక్ష గదికి వెళ్ళింది. ఎప్పుడూ వెళ్ళదు. ఫలితాలు ఆమె టేబుల్ మీదికే వచ్చేవి.

గది తలుపు బార్లా తెరిచి ఉంది. బయట బెంచీ మీద బృందమంతా వరసగా కూర్చుని ఉన్నారు. లోపల ఎర్రయ్యమ్మ ఒక కన్ను మూసుకుని గట్టిగా చదువుతోంది. బయట బెంచీ మీద అందరి పెదాలూ కదులుతున్నాయి. శబ్దం లేకుండా, ఆమెతో పాటు. ఒకావిడ ఒళ్ళో చేత్తో తాళం కూడా వేస్తోంది.

ఇందుమతి గుమ్మంలోనే ఆగిపోయింది.

వీళ్ళెవరికీ పాటల పుస్తకం ఉండదు. ఎంత పొడుగు పాటైనా పెద్దావిడ ఒక చరణం అంటే మిగతావాళ్ళు వెనకాల అంటారు. రెండుసార్లు వింటే పాట వచ్చేస్తుంది. అటువంటి వాళ్ళని తలుపు తీసిపెట్టి, ఒకరి తర్వాత ఒకర్ని, నెలనెలా అదే అట్ట చదివించారు. ప్రతిసారీ అదే అట్ట వాడాలని పట్టుబట్టింది ఎవరు? తనే. ఫలితాలు పోల్చడానికి వీలుగా ఉంటుందని.

ఎర్రయ్యమ్మ బయటికి రాగానే ఇందుమతి లోపలికి వెళ్ళి, గోడకి వేలాడుతున్న అక్షరాల అట్ట తీసి టేబుల్ కింద పెట్టేసింది. గోడ మీద ఉత్త తెల్ల సున్నం మిగిలింది. పరీక్ష చేసే అమ్మాయి ఏదో అనబోతే నోటి మీద వేలు పెట్టి ఆపింది.

"అప్పలనర్సమ్మ గారూ, రండి."

అత్తగారు చకచకా వచ్చి కుర్చీలో కూర్చుంది. ఎడమ కన్ను అరచేత్తో మూసుకుంది. గొంతు సవరించుకుంది.

"గ. న, వ. ర, ప, స. ట, మ, ల, య..."

ఎక్కడా తొట్రుపాటు లేదు. వరస మారినప్పుడల్లా చిన్న విరామం. తెల్లగోడని సూటిగా చూస్తూ చివరి అక్షరం దాకా చదివి, గెలిచినట్టు చెయ్యి దించింది.

"అయిపోనాది. రెండో కన్ను కూడా సదవాలా?"

"అత్తయ్యా." ఇందుమతి కుర్చీ దగ్గరికి వచ్చింది. "గోడ మీద అట్ట లేదు."

ఆవిడ గోడ వైపే మొహం పెట్టి, "ఎప్పుడు తీసేసినావు?" అంది.

"మీరు వచ్చేముందే."

"అయితే మోసం సేసింది నువ్వే కదేటి."

ఇందుమతి ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"ఎండలు ముదిరిన కాడ్నించి. మద్దిలో మసక. నీ జడ కనపడతాది, సెవులు కనపడతాయి, మొకం ఉండాల్సిన కాడ పొగుంటాది."

"నాకెందుకు చెప్పలేదు? ఒక్క మాట చెప్తే..."

"సెప్తే సూది ఆపేస్తారు!" అప్పలనర్సమ్మ గొంతు పెంచింది. బయట బెంచీ మీద గుసగుసలు ఆగిపోయాయి. "కళ్ళు పోతే సెయ్యట్టుకుని ఎవలైనా నడిపిస్తారు. కాళ్ళు పోతే? నువ్వు నన్ను ఎత్తుకుని దొడ్డికి తీసుకెల్తుంటే నేను బతికి ఉండాలా? మేవంతా అనుకునే సేసినాం. కళ్ళు ఇచ్చీసి కాళ్ళు తెచ్చుకున్నాం. బేరం మాకు నచ్చినాది. మద్దిలో నీకేటి?"

*

గంటలో అత్తగారి కంటి స్కాన్ బొమ్మ వచ్చింది. కంటి జిగురులోంచి బిగుసుకున్న పోగులు వెనక పొరని గుడారం తాళ్ళలాగా లాగుతున్నాయి. పొర ఇంకా చిరగలేదు. చిరగడానికి ఎంతో దూరంలోనూ లేదు.

ఇందుమతి ఆ బొమ్మ పట్టుకుని డైరెక్టర్ ఉమాకాంత్ గదిలోకి దాదాపు పరుగెత్తింది. పక్క గదిలో రెండో డోసు సిరంజిలు వరసగా సిద్ధంగా ఉన్నాయి.

ఉమాకాంత్ బొమ్మని చాలాసేపు చూశాడు. తర్వాత లేచి తలుపు వేశాడు.

"రెండో డోసు వెయ్యం," అన్నాడు. "విరుగుడు వేద్దాం."

ఆమె ఊపిరి పీల్చుకుంది. మృదుల నేసిన పోగుల్ని కరిగించే మందు లాబ్‌లో ముందే ఉంది. పొర చిరగకముందు వేస్తే చూపు తిరిగొస్తుంది. మోకాళ్ళు పాత స్థితికే పోతాయి. పోగులు రెండు చోట్లా ఒకటే కాబట్టి అది ఒకదాన్ని కరిగించి రెండోదాన్ని వదిలిపెట్టదు.

"కానీ విరుగుడని చెప్పొద్దు. రెండో డోసనే చెప్పి వేద్దాం."

"సార్?"

"ఆలోచించు ఇందుమతీ. మోకాళ్ళు మళ్ళీ పట్టేస్తాయి. మందు కొన్నాళ్ళే పనిచేసింది, విఫలమైందని రాసుకుందాం. విఫలమైన మందులు లోకంలో బోలెడు. కళ్ళు బాగవుతాయి. వాళ్ళకి నష్టం లేదు, మనకి చెడ్డపేరు లేదు."

"వాళ్ళకి చెప్పాలి. అది వాళ్ళ ఒళ్ళు."

"చెప్తే వేయించుకోరు. మీ అత్తగారు అసలే వేయించుకోరు. ఆవిడ అరుపులు నా గది దాకా వినిపించాయి." ఉమాకాంత్ ఆమె కళ్ళలోకి చూశాడు. "నిజం చెప్పి ఆవిణ్ణి గుడ్డిదాన్ని చేస్తావో, అబద్ధం చెప్పి కాపాడతావో నువ్వే తేల్చుకో."

చెప్తే అత్తగారు వేయించుకోదన్నది నిజమే.

విరుగుడు నింపిన సిరంజి పట్టుకుని ఆమె హాల్లోకి వచ్చింది. అప్పలనర్సమ్మ అప్పటికే జాకెట్టు చెయ్యి పైకి మడిచి కూర్చుంది.

"రెండోదే కదా?" కోడలి మొహం ఉండాల్సిన చోటు వైపు నవ్వుతూ అడిగింది. "కోపం పోయినాదా? నేనూ అరిసీసాను. పొడు, బేగి పొడు."

దూదితో చెయ్యి తుడిచింది ఇందుమతి. సూది మొన చర్మానికి ఆనబోయింది. ఒక్క నొక్కు చాలు. కళ్ళు వచ్చేస్తాయి. ఆవిడకి ఎప్పటికీ తెలియదు. మళ్ళీ నేల మీద దేక్కుంటూ, తన ఖర్మ అనుకుంటూ, కోడల్ని నమ్ముతూ బతుకుతుంది.

ఇందుమతి సూది పక్కన పెట్టేసింది.

"ఇది రెండో డోసు కాదు అత్తయ్యా. విరుగుడు. అందరూ వినండి."

అంతా చెప్పింది. బొమ్మ గురించి, పోగుల గురించి, పొర చిరిగితే ఇక ఏ మందూ చూపు తేలేదన్న సంగతి. సిరంజి మార్చి, రెండో డోసనే చెప్పమన్నారన్న సంగతి కూడా. ఉమాకాంత్ గది తలుపు తెరుచుకుని మళ్ళీ మూసుకుంది.

మొదట లేచింది ఎర్రయ్యమ్మ. ఏడుస్తూనే చెయ్యి చాచింది.

"నాకెయ్యమ్మా. నా మనవరాలు పుట్టి మూడు నెల్లయినాది. దాని మొకం ఎలాగుంటాదో నాకు తెల్దు."

"పిరికిదానా!" అంది అప్పలనర్సమ్మ.

"నీకేటే, నిన్ను దొడ్డికి మోయడానికి కోడలున్నాది!"

"నా కోడలి ఒంట్లో పిడికెడు కండ నేదు. అది నన్ను మోస్తాదా, నేను దాన్ని మొయ్యాలా?"

ఏడుపు మధ్య ఎవరో కిసుక్కున నవ్వారు. ఒక్కొక్కరే చేతులు చాచారు. ఎర్రయ్యమ్మకి గంట తిరక్కుండానే మోకాళ్ళు పట్టేశాయి. ఆమెని ఇద్దరు పట్టుకుని ఆటో ఎక్కించారు. అప్పలనర్సమ్మ అదంతా విన్నది. మడిచిన జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుని తన కాళ్ళతో తను మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంట్లో ఇందుమతి బతిమాలింది, ఏడ్చింది, అరిచింది. చివరికి అత్తగారే ఒక మాట అంది.

"రేపు ప్రదచ్చిన సేసొస్తాను. కొండ సుట్టూ ఒక్కసారి, నా కాళ్ళతో. మళ్ళీ తొలిపావంచా కాడికొచ్చి నిలబడ్డాక నీ సూది ఏసుకుంటాను."

"అప్పటిదాకా పొర ఆగకపోతే?"

"ఆగకపోతే నా రాత."

"కాదు. పొర చిరగబోయే ముందు కంట్లో మెరుపులు వస్తాయి. ఒక్కటి వచ్చినా చెప్పాలి. ఎక్కడుంటే అక్కడ ఆగి వేయించుకోవాలి. అలా అయితేనే రండి, నేనూ వస్తాను."

"అలాగేలే."

అలాగేలే అన్న ఈ నోరే తెల్లగోడ మీద అక్షరాలు చదివింది.

*

సింహాచలం కొండ దిగువన, మొదటి మెట్టైన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మధ్యాహ్నం నడక మొదలుపెట్టారు. లక్షల మంది జనం. సన్నగా వాన. ఇందుమతి భుజానికి సంచీ, అందులో ఐసు నింపిన ఫ్లాస్కు, ఫ్లాస్కులో మందు.

అడవివరం దాటారు. హనుమంతవాక దాటారు. సముద్రం ఒడ్డున జోడుగుళ్ళపాలెంలో జనం నీళ్ళలో మునుగుతుంటే అప్పలనర్సమ్మ చీర ఎత్తి దోపి మోకాళ్ళ దాకా దిగింది. అలల్ని కాళ్ళతో తన్నింది.

"మెరుపులేమైనా వచ్చాయా?"

"నేదు."

మజ్జిగ పందిళ్ళు, పులిహోర పొట్లాలు, "అప్పన్నా" అంటూ కేకలు. వెంకోజీపాలెం దగ్గర ఇందుమతి పాదాలు బొబ్బలెక్కాయి. అత్తగారు మాత్రం జనంలో దారి చేసుకుంటూ ముందు పోతోంది. ఎదుటివాళ్ళ అడుగుల చప్పుడు విని తప్పుకుంటోంది. ఒక గుంతలో కాలు పడింది. తూలి, నిలబడి, "రోడ్డేసినోడి కొంప కూల" అని మళ్ళీ నడిచింది.

"మెరుపులు?"

"నేదంటే నేదు. ఎన్నిసార్లు అడుగుతావే?"

ఆ "నేదు" ఎంతవరకు నిజమో తెలుసుకునే దారి లేదు. లోకంలో ఏ యంత్రమూ ఆ క్షణంలో ఆ కంట్లో ఏముందో చెప్పలేదు. ఆవిడ నోరొక్కటే చెప్పాలి. మాధవధార దగ్గర ఇందుమతి ఆగి అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇక్కడే, ఇప్పుడే, బలవంతంగా పొడిచేద్దామా అన్న ఆలోచన వచ్చింది. ఆ చెయ్యి ఆమె చేతిలో నమ్మకంగా, వెచ్చగా ఉంది. వదిలేసింది.

నడుస్తూనే తెల్లవారుజామైంది.

గోపాలపట్నంలో రోడ్డు పక్కన వైద్య శిబిరం దగ్గరికి వచ్చేసరికి అప్పలనర్సమ్మ హఠాత్తుగా నిలబడిపోయింది. వెనక జనం వచ్చి గుద్దుకున్నారు.

"ఏమైంది?"

"వచ్చినాది," అంది ఆవిడ నెమ్మదిగా. "కుడి కంట్లో. తెల్లగా, గీత గీసినట్టు."

"ఎన్నోది?"

"మొదటిది."

"నిజంగా? ముందేమీ రాలేదా? నిజం చెప్పండి అత్తయ్యా, నాకు భయంగా ఉంది."

"ఏటే, నన్ను నమ్మవా? అబద్దమే ఆడీదాన్నయితే తొలిపావంచా దగ్గరకొచ్చీసినాదనగా ఇక్కడెందుకు ఆగుతాను?" ఆవిడ కోడలి చెయ్యి వెతికి పట్టుకుంది. "మొన్న నువ్వు మాట్లాడకుండా పొడిసీయొచ్చును. సెప్పి పొడుస్తానన్నావు. నాతో నిజం ఆడినదానితో నేను అబద్దం ఎలాగాడతాను?"

శిబిరంలో బెంచీ మీద కూర్చోబెట్టింది. ఇందుమతి ఫ్లాస్కు మూత తీసి సిరంజి నింపింది. అక్కడున్న నర్సు వచ్చి టార్చి పట్టుకుంది. తడిసిన జాకెట్టు చెయ్యి పైకి మడిచి, అప్పలనర్సమ్మే తన నరం చూపించింది.

సూది దిగింది. మందంతా లోపలికి పోయింది.

ఆవిడ మోకాళ్ళ మీద రెండు చేతులూ వేసి కాసేపు నిమిరింది. ఇందుమతి తల తిప్పుకుంది. ఇక్కడి నుంచి తొలిపావంచా ఇంకో గంట పైన నడక.

"ఇందూ."

"ఊఁ."

"ఎర్రయ్యమ్మకి ఎంతసేపట్లో పట్టేసినాయి?"

"గంటలోపే."

"దానియి పిరికి కాళ్ళు. నాకు ఇంకాసేపు ఆగుతాయి." అప్పలనర్సమ్మ దిగ్గున లేచి నిలబడింది. చీర చెంగు నడుముకి బిగించింది. బొబ్బలెక్కిన పాదాలతో నేల మీద కూలబడ్డ కోడలి వైపు చెయ్యి చాచింది. "మరేటి, అలాగ కూకున్నావు? లే, బేగి లే. నా కాళ్ళున్నంతసేపు నిన్ను నేను లాగుతాను. అయి పడిపోయినాక నన్ను నువ్వు లాగుదువు గాని."